నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి: పడవ మోటారు సర్వీసింగుపై ప్రసంగ పాఠం

(వేట నిషేధం మొదలైన వారంలో, గోదావరి పాయల వెంబడి, పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటార్లు వాడే పడవల వాళ్ల ముందు చేసిన ప్రసంగం)

అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ నమస్కారమండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన మోటారు పడవ సముద్రంలోకి పోదు. ఈ రోజుల్లో వలలు బాగుచేసుకుంటాం, పడవకి రంగేస్తాం. మోటారుని మాత్రం మీద గోనెపట్టా కప్పి పాకలో ఓ మూల నిలబెడతాం. జూన్ రెండో వారంలో పట్టా తీసి తాడు లాగుతాం. పలకదు. ఇక అప్పుడు మెకానిక్కు కోసం పరుగు. ఆ వారంలో అటు కాకినాడ నుంచి ఇటు నరసాపురం దాకా ఏ మెకానిక్కు దగ్గర చూసినా మోటార్లు వరస కట్టి ఉంటాయి. తొందరలో చేసే పని తొందరపనే అవుతుంది. అందుకని మోటారుని ఈ నెలాఖరులోగా విప్పించండి. ఏదైనా సామాను దొరక్కపోతే తెప్పించుకోడానికి ఇంకా నెలన్నర చేతిలో ఉంటుంది.

మోటారుతో వచ్చిన పుస్తకంలో ఇన్ని గంటలకు ఇది మార్చు, అన్ని గంటలకు అది మార్చు అని ఉంటుంది. ఆ లెక్క మామూలు నీళ్లకి. మన మోటారు ఏడాదిలో మూడు రకాల నీళ్లు తాగుతుంది. ధవళేశ్వరం గేట్లు ఎత్తినప్పుడు, పులస కాలంలో, ఎర్రనీళ్లు. అందులో ఒండ్రు, సన్న ఇసుక. వరద తీశాక కొన్నాళ్లు చప్ప నీళ్లు. వేసవిలో బ్యారేజీ దిగువకి ప్రవాహం సన్నగిల్లితే, గౌతమి అయినా వశిష్ఠ అయినా వైనతేయ అయినా, పోటుకి ఉప్పునీళ్లు పాయలో పైదాకా ఎక్కుతాయి. ఒండ్రు రబ్బరుని అరగదీస్తుంది, ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. రెండూ ఒకే మోటారుకి తగులుతున్నాయి కాబట్టి మన సర్వీసు లెక్క మనం వేసుకోవాలి.

మన మోటార్లకి వచ్చే జబ్బుల్లో చాలా వాటి వెనక ఉన్నవి నీళ్లే. రావాల్సిన చోటికి నీళ్లు రాకపోతే ఇంజను పట్టేస్తుంది. రాకూడని చోటికి, అంటే గేరు పెట్టెలోకి, పెట్రోల్లోకి, సిలిండర్లోకి వస్తే మోటారు చెడుతుంది. ఏ మెకానిక్కు దగ్గరికెళ్లినా మీరు ముందు అడగాల్సింది “నీళ్లు ఎటు పోతున్నాయి?” అనే. సూటిగా జవాబు చెప్పి, చూపించగలిగిన మనిషి మీకు పనికొస్తాడు.

ముందు నీళ్ల పంపు. మోటారు కింది భాగంలో, గేరు పెట్టె పైన, ఇంపెల్లర్ అని రబ్బరు చక్రం ఉంటుంది. చిన్న మోటార్లలో అరచేతిలో ఇమిడిపోతుంది. చుట్టూ రెక్కలు, ఎక్కువగా ఆరు. పాయలోంచి నీళ్లు లాగి పైన సిలిండర్ల చుట్టూ తిప్పేది ఇదే. ఇదిగో, నా చేతిలో రెండున్నాయి. కొత్తదాని రెక్కలు తిన్నగా, చక్రానికి నిలువుగా ఉన్నాయి చూడండి. పాతదాని రెక్కలన్నీ ఒకే వైపు ఒరిగి అలాగే బిగుసుకుపోయాయి. రెక్క మొదట్లో వేలితో వంచితే సన్నగా పగులు కనిపిస్తుంది. కొసలు నున్నగా అరిగాయి. ఇలాంటిది నెమ్మదిగా నడిచేటప్పుడు నీళ్లు లాగినట్టే ఉంటుంది. మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గర కెరటాన్ని ఎదురుకుని మోటారు గట్టిగా పెంచినప్పుడు చాలదు, ఇంజను వేడెక్కుతుంది.

ఇంపెల్లర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే పని సగమే అయినట్టు. అది తిరిగే స్టీలు గిన్నె లోపలి వైపు గోరుతో గీరి చూడండి. గోరు గాట్లలో పడుతోందంటే ఇసుక దాన్ని కోసేసింది. అలాంటి గిన్నెలో కొత్త ఇంపెల్లర్ వేసినా సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి. గిన్నె, దాని కింది పలక కూడా మార్చాలి. పాత ఇంపెల్లర్‌కి రెక్క విరిగి ఉంటే, ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. అది నీళ్ల గొట్టంలోనో, పైన సన్న దారుల్లోనో చిక్కుకుని ఉంటుంది. వదిలేస్తే కొత్త పంపుతో కూడా ఇంజను కాలుతుంది. షాఫ్టుకీ ఇంపెల్లర్‌కీ మధ్య చిన్న లోహపు కీ ఉంటుంది. అది జారి ఇసుకలో పడితే వెతుక్కోలేం, కింద గుడ్డ పరిచి పని చేయాలి. ఎక్కించేటప్పుడు రెక్కలకి కాస్త గ్రీజు రాసి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకి షాఫ్టుని తిప్పుతూ గిన్నెని కిందికి దించాలి. ఎదురు తిప్పితే రెక్కలు అడ్డంగా మడుచుకుపోతాయి. బోల్టుల మరకీ, షాఫ్టు పళ్లకీ ఉప్పునీళ్లకి తట్టుకునే గ్రీజు రాయాలి. లేకపోతే వచ్చే ఏడాది ఆ బోల్టు రాదు, విరుగుతుంది. ఒక్క బోల్టు విరిగితే రోజు పని, ఖర్చు ఇంపెల్లర్ ధరని మించిపోతుంది. ఎర్రనీళ్లలో తిరిగే మోటారుకి ఏడాదికొకసారి ఇంపెల్లర్ మార్చడం తప్పదు. పులస వేటకి రోజూ తిప్పేవాళ్లు వరద తీశాక పంపు విప్పి చూసుకోండి.

ఒడ్డు మీద నీళ్లు లేకుండా “ఒక్కసారి స్టార్టవుతుందేమో చూద్దాం” అని తాడు లాగొద్దు. ఆ రబ్బరుకి నీళ్లే నూనె. పొడిగా తిరిగితే కొన్ని సెకన్లలోనే కాలుతుంది.

మోటారు వెనక చిన్న కన్నంలోంచి ధార పడుతుంటుంది కదా, అది సన్నగిల్లితే వెంటనే పంపు పోయిందనుకోవద్దు. ముందు ఇంజను ఆపండి. కింద నీళ్లు లాగే జల్లెడకి గుర్రపుడెక్కో ప్లాస్టిక్ సంచో చుట్టుకుందేమో చూడండి. తర్వాత ఆ కన్నంలోకి ఒక మిల్లీమీటరు తంగూసు (నైలాను పోగు) పెట్టి మెల్లగా ఆడించండి. చాలాసార్లు ఒండ్రు గడ్డ ఊడొస్తుంది. ఇనప తీగ పెట్టొద్దు, లోపలి గొట్టం చిల్లు పడుతుంది. ఇంకో సంగతుంది. ధార బాగా పడుతోందంటే పంపు పనిచేస్తోందని మాత్రమే అర్థం. లోపలి దారులన్నీ చల్లబడుతున్నాయని కాదు. ఇంజను వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే థర్మోస్టాట్ ఉప్పు పట్టి మూసుకుపోతే ధార పడుతూనే ఇంజను కాలుతుంది. థర్మోస్టాట్ విప్పి గిన్నెడు నీళ్లలో వేసి వేడిచేయాలి. మోటారు రకాన్ని బట్టి 50–60 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవ్వాలి. నీళ్లు కాగుతున్నా తెరుచుకోకపోతే పారేయండి. కొంతమంది దాన్ని పీకేసి అసలు లేకుండానే నడుపుతారు. అలా చేస్తే ఇంజను చల్లగా ఉండిపోయి మసి పడుతుంది, ప్లగ్గులు తడుస్తాయి. ఫోర్ స్ట్రోకులో అయితే పెట్రోలు జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిల్ పుల్ల మీద మట్టం పెరిగి పెట్రోలు వాసనొస్తే అదే కారణం కావచ్చు. వల వేస్తూ గంటల తరబడి నెమ్మదిగా నడిపినా ఇదే జరుగుతుంది. అప్పుడు ఆయిల్ వెంటనే మార్చాలి.

ఉప్పు కడగడం అందరికీ తెలుసు, చేసే తీరులోనే తేడా. 200 లీటర్ల డ్రమ్ములో మోటారు దించండి. పడవని ముందుకి నెట్టే ఫ్యాను పైన అడ్డంగా పళ్లెంలా ఉండే రేకు నీళ్లలో మునగాలి. ఫ్యాను ముందే విప్పేయండి. గేరు వేయకుండా, నెమ్మది మీద, ఆరుబయట పది నిమిషాలు నడపండి. రెండు నిమిషాలకే ఆపేస్తే ఇంజను వేడెక్కదు, థర్మోస్టాట్ తెరుచుకోదు, లోపలి ఉప్పు అలాగే ఉంటుంది. ఆ డ్రమ్ములో నీళ్లు నాలుక మీద వేసుకుని చూడండి. వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేశాక, పాయలో నీళ్లే పట్టి కడిగేవాళ్లున్నారు. అవి ఉప్పునీళ్లే. తీరంలో చాలా బోర్ల నీళ్లూ అంతే. కాలువలు కట్టకముందే ఓ డ్రమ్ము పట్టి ఉంచుకోండి.

మోటారు ఒంటికి అక్కడక్కడ బూడిదరంగు లోహపు ముక్కలు బిగించి ఉంటాయి, ఆనోడ్లు. ఉప్పునీళ్లు మోటారుని తినకుండా తాము కరుగుతాయి. వాటికి రంగేస్తే ఇక పనిచేయవు. పడవకి రంగేసే ఊపులో వీటికీ కుంచె తగిలిస్తున్నారు, జాగ్రత్త. జింకుది పూర్తి ఉప్పునీళ్లకి సరిపోతుంది. పాయల్లోకీ సముద్రంలోకీ రెండు చోట్లా తిరిగేవాళ్లకి అల్యూమినియం ఆనోడ్ మేలు. సగం కరిగితే మార్చేయాలి.

ఇక గేరు పెట్టె. నన్నడిగితే మన దగ్గర ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అదీ తంగూసు వల్ల. ఫ్యాను తగిలి తెగిన వల పోగు ఫ్యాను వెనక్కి జారి షాఫ్టుకి చుట్టుకుంటుంది. పైకి కనిపించదు. షాఫ్టు తిరిగేకొద్దీ అది బిగుసుకుని, వేడికి మెత్తబడి, ఆయిల్ సీలు పెదవిని కోసేస్తుంది. ఆ సందులోంచి గేరు ఆయిల్ బయటికి, ఉప్పునీళ్లు లోపలికి. బేరింగులు తుప్పు పట్టి, ఓ రోజు నడి మొగలో గేరు పళ్లు విరుగుతాయి. ఫ్యాను విప్పడానికి ఎంతసేపండీ, నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను తీసి, నట్టు తీసి లాగడమే. రోజూ వల మీద తిరిగేవాళ్లు వారానికోసారి విప్పి, షాఫ్టు మొదట్లో వేలు పెట్టి తడమండి. పోగు తగిలితే కత్తితో కోయకండి, సీలు తెగుతుంది. కొస పట్టుకుని వెనక్కి విప్పాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు షాఫ్టుకి గ్రీజు, కొత్త కాటర్ పిన్ను.

గేరు ఆయిల్ మార్చేటప్పుడు కింది స్క్రూ తీయండి, తర్వాత పైది. మొదట పడే చుక్క గాజు సీసాలో పట్టండి. నల్లగా ఉన్నా, మాడిన నూనెలా ఉన్నా భయం లేదు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. స్క్రూ కొసకి బూడిదలాంటి మెత్తటి ముద్ద అంటడం మామూలే, మెరిసే రేకులు ఉంటే గేర్లు అరుగుతున్నాయి. కొత్త ఆయిల్ కింది కన్నంలోంచి ఎక్కించాలి, పై కన్నంలోంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుని సగమే పడుతుంది. పొంగాక ముందు పై స్క్రూ బిగించి, అప్పుడు గొట్టం లాగి కిందిది బిగించండి. వాషర్లు రెండూ కొత్తవి. ఎంత పడుతుందో మోటారు పుస్తకంలో ఉంటుంది, అది 90 నంబరు హైపాయిడ్ గేరు ఆయిల్.

నీళ్లు చేరిన గేరు పెట్టెకి ఆయిల్ మార్చేసి “అయిపోయింది” అనే మెకానిక్కు సగం పనే చేశాడు. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలి కదా. దానికో పరీక్ష ఉంది. ఆయిల్ తీసేసి, పై కన్నానికి గేజీ ఉన్న చేతి పంపు బిగించి 10–15 పౌండ్ల గాలి పెట్టాలి, అంతకు మించొద్దు. ముల్లు అయిదు నిమిషాలు కదలకుండా నిలవాలి. దిగిపోతుంటే నీళ్ల డ్రమ్ములో ముంచితే ఏ సీలు దగ్గర బుడగలొస్తే అదే దోషి. ఆ పంపు మీ మెకానిక్కు దగ్గరుందా? ఇది తప్పకుండా అడగండి.

పెట్రోలు సంగతి కొత్తగా ముదిరింది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. చాలా అవుట్‌బోర్డ్ కంపెనీలు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాల్లో తడిని లాక్కుంటుంది. మన తీరం గాలి ఎంత తేమో మీకు తెలియంది కాదు. తడి ఓ మోతాదు దాటితే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. టూ స్ట్రోకు వాళ్లకి ఇది మరీ ప్రమాదం. మనం కలిపిన ఆయిల్ పైన పెట్రోల్లో ఉండిపోతుంది, అడుగున ఉన్న ఆ పొరలో ఆయిల్ ఉండదు. గొట్టం లాగేది అడుగు నుంచే. ఆయిల్ లేని ద్రవంతో ఇంజను నడిస్తే పట్టేస్తుంది. “ఆయిల్ సరిగ్గానే కలిపానండీ” అనే మనిషి ఇంజను ఎందుకు పట్టేసిందో ఇప్పుడు అర్థమవుతుంది.

మీరే చూసుకోవచ్చు. గీతలున్న గాజు జాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్లు, 90 మిల్లీలీటర్ల ఆయిల్ కలపని పెట్రోలు పోసి, మూత పెట్టి కుదిపి పావుగంట వదిలేయండి. అడుగున నీళ్ల గీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 27, 28 దాకా పెరిగితే 20 శాతం ఉన్నట్టే. ఉన్న పెట్రోలుతోనే నడపాలి కాబట్టి, ట్యాంకుకీ ఇంజనుకీ మధ్య నీళ్లు వేరుచేసే ఫిల్టరు పెట్టించండి. పెట్రోలు రెండు మూడు వారాలకి మించి ఉంచకండి. నిషేధానికి ముందు ట్యాంకు ఖాళీ చేయండి. కార్బొరేటర్ మోటారైతే పెట్రోలు గొట్టం పీకి, దానంతట అది ఆగేదాకా డ్రమ్ములో నడపండి. ఆ తర్వాత కార్బొరేటర్ గిన్నె కింది స్క్రూ తీసి మిగిలింది కార్చేయండి. జూన్‌లో మోటారు పలకకపోవడానికి ఎక్కువగా కారణం గిన్నెలో ఎండి జిగురైన పెట్రోలే, అది సన్న జెట్టుని మూసేస్తుంది.

ఆయిల్ కొలత: చాలా టూ స్ట్రోకు మోటార్లకి 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 24 లీటర్ల ట్యాంకుకి 480. మీ మోటారు పుస్తకం వేరే చెబితే అదే వేదం. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి, అది నీళ్లతో చల్లబడే టూ స్ట్రోకు ఇంజన్ల ఆయిల్ గుర్తు. స్కూటరు ఆయిల్ గాలితో చల్లబడే ఇంజనుకి తయారుచేసింది, మనకి మసి పెడుతుంది. పెట్రోలు మోటారులో కిరసనాయిల్ కలపొద్దు.

నీళ్ల మీద ఆగిపోతే ఏం చేయాలి? ముందు ఇంజనుని ఆపేసే ఎర్ర తాడు క్లిప్పు ఊడిందేమో చూడండి, నవ్వుకోకండి, చాలాసార్లు అదే. తర్వాత ట్యాంకు మూత మీద గాలి స్క్రూ. అది మూసి ఉంటే పది నిమిషాలు నడిచి ఆగుతుంది, రబ్బరు బల్బు నొక్కుకుపోయి ఉంటుంది. బల్బు పిండితే గట్టిపడాలి. ఎంత పిండినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది, లేదా బల్బులో కవాటం పోయింది. ఆగిపోబోతున్నప్పుడు బల్బు పిండుతుంటే మళ్లీ అందుకుంటోందంటే పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ని అనుమానించండి. ఇవన్నీ బాగుంటే ప్లగ్గు తీయండి. పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు, తడిగా ఉంటే నిప్పు రావడం లేదు. ఒలికిన పెట్రోలు తుడిచి, ప్లగ్గు తీసిన కన్నానికి గుడ్డ అడ్డం పెట్టి, ప్లగ్గుని ఇంజను లోహానికి ఆనించి తాడు లాగితే నీలం నిప్పు కనిపించాలి. ప్లగ్గు నంబరు చివర 10 అని ఉంటే సందు 1 మిల్లీమీటరు.

ఇంజను గీపెడుతోంది, పడవ కదలడం లేదంటే ఫ్యాను లోపలి రబ్బరు బుష్ జారుతోంది. చిన్న మోటార్లలో అయితే పిన్ను తెగింది. ఫ్యాను కొత్తగా ఉన్నప్పుడే లోపలి గొట్టానికీ బయటి దిమ్మకీ అడ్డంగా రంగు గీత గీసి పెట్టుకోండి. గీత తప్పితే బుష్ జారినట్టు. అప్పుడు నెమ్మది మీద ఒడ్డుకి రావచ్చు, గట్టిగా పెంచొద్దు.

మోటారు నీళ్లలో పడిపోతే? నడుస్తుండగా పడిందా, ఆగి ఉండగా పడిందా గుర్తుంచుకోండి. నడుస్తూ పడితే సిలిండర్లో నీళ్లు చేరి పిస్టన్ కడ్డీ వంగి ఉండొచ్చు. ప్లగ్గులు తీసి చేత్తో మెల్లగా తిప్పితే ఎక్కడైనా పట్టేస్తుంటే బలవంతం చేయొద్దు. మామూలుగా తిరిగితే చప్ప నీళ్లతో కడిగి, ప్లగ్గుల కన్నాలు కిందికి ఉండేలా వంచి తాడు లాగి నీళ్లు కక్కించి, కన్నాల్లో ఆయిల్ పోసి తిప్పి, ఆ రోజే స్టార్టు చేయించాలి. ఫోర్ స్ట్రోకైతే ముందు ఇంజనాయిల్ పూర్తిగా మార్చాలి. మెకానిక్కు రేపటిదాకా దొరకడంటే మోటారుని ఎండలో ఆరబెట్టకండి. మంచినీళ్ల తొట్టిలో ముంచి ఉంచండి. గాలి తగిలాకే తుప్పు పరిగెడుతుంది.

మెకానిక్కు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లే ముందు మోటారుని కాసేపు నిలబెట్టి నీళ్లన్నీ కార్చండి. పడుకోబెట్టినప్పుడు ఫ్యాను వైపు ఎత్తు కాకూడదు, నీళ్లు వెనక్కి పారి సిలిండర్లోకి పోతాయి. ఫోర్ స్ట్రోకుని ఏ పక్కన పడుకోబెట్టాలో పుస్తకంలో ఉంటుంది, తప్పు పక్కన పెడితే ఇంజనాయిల్ సిలిండర్లోకి దిగుతుంది. పడవకి బిగించే బ్రాకెట్ మీద రేకులో మోడలు, సీరియల్ నంబరు ఉంటాయి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. “పదిహేను హెచ్‌పీ ఇంపెల్లర్” అని అడిగితే పొరపాటుది రావచ్చు. ఎన్ని గంటలు నడిచిందో ఓ పుస్తకంలో రాసుకోండి. ఫోర్ స్ట్రోకు కొత్తదైతే మొదటి 20 గంటలకి ఇంజనాయిల్, తర్వాత ప్రతి 100 గంటలకి.

మెకానిక్కు దగ్గర చూడాల్సినవి చెప్తాను. నీళ్ల డ్రమ్ము, గాలి పరీక్ష పంపు, టార్క్ రెంచి, ఫ్లైవీలు లాగే పుల్లరు. సుత్తితో కొట్టి ఫ్లైవీలు ఊడదీసే చోట మోటారు దించకండి. రెండు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిచి కాగితం మీద రాసివ్వమనండి, రెండింటి మధ్య తేడా పదో వంతు దాటితే లోపల చూడాలి. మార్చిన పాత సామాను తిరిగివ్వమనండి. డబ్బులు ఇచ్చే ముందు డ్రమ్ములో కాదు, పడవకి బిగించి పాయలో బరువు మీద నడిపి చూడండి. చవకలో చేస్తాడనో, చుట్టం అనో కాక, విప్పేటప్పుడు మిమ్మల్ని పక్కన నిలబడనిచ్చే మనిషిని వెతుక్కోండి. కాకినాడలో ప్రభుత్వ మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, మన కుర్రాళ్లు పని నేర్చుకునే వీలుందేమో అక్కడ అడగండి. రేవుకొక్కడు నేర్చుకున్నా జూన్‌లో ఈ వరసలు తగ్గుతాయి.

అక్కడ చెట్టు కింద 15 హెచ్‌పీ టూ స్ట్రోకు ఒకటి నిలబెట్టాం. ఫ్యాను ఇంకా విప్పలేదు. ముందు వరసలో ఇద్దరు రండి, కాటర్ పిన్ను మీరే తీయండి. వెనక తంగూసు ఉందో లేదో అందరం చూద్దాం.